ఊపిరి బిగబట్టలేని పిల్లలకు గుండె బొమ్మ

ఏమర్రా, అందరూ అరచెయ్యి తీసి పొట్ట మీద, పక్కటెముకలు ముగిసేచోట ఆనించండి. మామూలుగానే ఊపిరి పీల్చండి, పోటీలు వద్దు. పొట్ట ముందుకొచ్చిందా? ఇప్పుడు వదలండి. వెనక్కి పోయింది కదూ! గాలి వెళ్ళింది ఛాతీలోకి, కదిలింది పొట్ట. ఛాతీకీ పొట్టకీ మధ్య గుమ్మటం ఆకారంలో ఒక పల్చని కండరం అడ్డంగా ఉంటుంది. మీ సైన్సు పుస్తకంలో ఉదర వితానం అని రాసుంటారు, ఆస్పత్రిలో డయాఫ్రం అంటారు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగుతుంది. దాని కిందున్న లివరు, జీర్ణకోశం, పేగులు ఎటు పోతాయి పాపం? పొట్టను ముందుకు తోస్తాయి.

మన గుండె కూర్చున్నది ఆ కండరం మీదే. ఊరికే కూర్చోవడం కూడా కాదు, గుండెను చుట్టిన సంచీ అడుగుభాగం డయాఫ్రానికి అతుక్కునే ఉంటుంది. అది దిగితే గుండే దిగుతుంది, అది లేస్తే గుండే లేస్తుంది. పెద్దవాళ్ళలో మామూలు ఊపిరికి డయాఫ్రం ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దాకా కదులుతుంది. గుండె కదలిక అందులో ఇంచుమించు 60 శాతం. అంటే లబ్‌డబ్‌మని కొట్టుకోవడం ఒక కదలిక, అలా కొట్టుకుంటూనే గుండె మొత్తం పైకీ కిందికీ ఊగడం ఇంకో కదలిక.

"ఊగితే ఊగనీ తాతయ్యా, మనకేం నష్టం?" అంటోంది మా చిన్న మనవరాలు. నష్టమేమీ లేదమ్మా, దానికి బొమ్మ తీయాలని ఎవరూ అనుకోనంతవరకూ.

బొమ్మ ఎవరికి తీయాల్సి వస్తుందో ముందు చెప్తాను. పుట్టే ప్రతి 1000 మంది పిల్లల్లో 8, 9 మందికి గుండె నిర్మాణంలోనే ఏదో ఒక లోపం ఉంటుంది. కొన్ని చిన్న చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. కొన్ని పూడవు. 1888లో ఫ్రాన్స్‌లోని మార్సేల్ నగరంలో ఫాలో అనే డాక్టరు నాలుగు లోపాలు కలిసివచ్చే ఒక జబ్బును వివరించాడు. గుండె కింది గదులైన రెండు జఠరికల మధ్య చిల్లు, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు, బృహద్ధమని పక్కకి జరిగి ఆ చిల్లు మీద కూర్చోవడం, కుడి జఠరిక గోడ దళసరెక్కడం. ఆ పిల్లలు ఏడిస్తే పెదాలు నీలంగా మారతాయి. ఇవాళ దీనికి మంచి ఆపరేషన్ ఉంది. చిల్లు మూస్తారు, ఇరుకుదారి వెడల్పు చేస్తారు. అయితే దారి వెడల్పు చేసినచోట వాల్వు సరిగా మూసుకోక కొంత రక్తం వెనక్కి జారడం చాలామందిలో మిగిలిపోతుంది. జారిన రక్తాన్ని కుడి జఠరిక మళ్ళీ మళ్ళీ తోయాలి. ఏళ్ళు గడిచేకొద్దీ అది సాగుతుంది.

ఎంత సాగిందన్నదే ప్రశ్న. కుడి జఠరిక ఘనపరిమాణం ఒంటి వైశాల్యంలో ఒక్కో చదరపు మీటరుకు 150, 160 మిల్లీలీటర్ల దాకా వచ్చిందంటే, కొత్త వాల్వు వేసే సంగతి గట్టిగా ఆలోచిస్తారు. తొందరపడితే ఆ వాల్వు అరిగి మళ్ళీ ఆపరేషన్ కావాలి, ఆలస్యం చేస్తే కుడి జఠరిక తిరిగి కుదుటపడదు. ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్, చేస్తే తెలియదా అంటే, ఎకో మంచిదే, మొదట చేసేదీ అదే. కానీ కుడి జఠరిక రొమ్మెముక వెనకాల నక్కి ఉంటుంది, దాని ఆకారం ఏ జ్యామితి సూత్రానికీ లొంగదు. ఆ కొలతకు ఎంఆర్ఐని మించింది లేదు. పైగా ఎక్స్‌రేలు, సీటీల మాదిరి రేడియేషన్ ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ తీయాల్సిన పిల్లలకు మేలు. మన దగ్గర ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, అందులో పిల్లల గుండె ఆపరేషన్లూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆపరేషన్ అయిన పసివాళ్ళు ఇప్పుడు కాలేజీ వయసు వాళ్ళు. ఈ కుడి జఠరిక కొలత వాళ్ళలో చాలామందికి అవసరం.

సరే, ఎంఆర్ఐ ఏం చేస్తుంది? మన ఒంట్లో ఉన్నది సగానికి పైగా నీళ్ళే అనుకోండి. నీటిలో హైడ్రోజన్ ఉంది. దాని కేంద్రకం బుల్లి అయస్కాంతం. మనిషిని 1.5 టెస్లా బలమున్న అయస్కాంతంలో పడుకోబెడతారు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలానికి అది 30 వేల రెట్లకు పైమాట. అందులో ఈ కేంద్రకాలు సెకనుకు దాదాపు 6 కోట్ల 40 లక్షలసార్లు గిరగిరా తిరుగుతాయి. సరిగ్గా అదే వేగంతో రేడియో తరంగం పంపితే అవి ఉలిక్కిపడి తిరిగి సన్నని రేడియో సంకేతం ఇస్తాయి. మీరు వినే ఎఫ్ఎం స్టేషన్ల అంకెలకు కాస్త దిగువన ఉంటుంది ఆ సంకేతం. చోటును బట్టి అయస్కాంత బలాన్ని కొంచెం కొంచెం మారుస్తూ పోతే, ఏ సంకేతం ఎక్కడినుంచి వచ్చిందో విడదీయవచ్చని 1973లో పాల్ లాటర్‌బర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త చూపించాడు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హమ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ లెక్కలను బలపరిచి వేగం పెంచే దారి కనిపెట్టాడు. ఇద్దరికీ 2003లో నోబెల్ వచ్చింది. అది తనకు రాలేదని రేమండ్ డమాడియన్ అనే డాక్టరు పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలు ఇచ్చి మరీ గొడవ చేశాడు. ఆ తగువులోకి మనం దిగొద్దు గానీ, మనిషి ఒంటికి మొట్టమొదటి ఎంఆర్ఐ బొమ్మ తీసింది మాత్రం ఆయన బృందమే. 1977 జులై 3న తన శిష్యుణ్ణి యంత్రంలో కూర్చోబెట్టి దాదాపు ఐదు గంటలు తీశారు. తీసింది ఏమిటో తెలుసా? ఛాతీ! ఆ ఐదు గంటల్లో ఆ కుర్రాడు సుమారు నాలుగువేలసార్లు ఊపిరి పీల్చి ఉంటాడు. బొమ్మ ఎంత మసకగా వచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఊపిరితో బొమ్మ ఎందుకు చెడుతుందో తెలియాలంటే, ఎంఆర్ఐ బొమ్మ ఒక్కసారిగా పడేది కాదని తెలియాలి. ఘంటసాల గారి రోజుల్లో పాట రికార్డింగ్ అంటే గాయకుడూ వాద్యబృందమూ ఒకే హాల్లో చేరి ఏకబిగిన పాడి వాయించేవాళ్ళు. ఇప్పుడలా కాదు. వయొలిన్లు ఒక రోజు, తబలా ఇంకో రోజు, గాయకుడు తన ఊళ్ళో తన తీరిక వేళలో. ఎవరి ట్రాకు వాళ్ళది, అన్నీ చివర్న కలుపుతారు. ఎంఆర్ఐ బొమ్మ ఈ కొత్తరకం పాట. ఒక్కో బొమ్మకు వందో రెండు వందలో ట్రాకులు విడివిడిగా తీసి, చివర్న గణితంతో కలుపుతారు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, తబలా ట్రాకు పాటలో ఒక చరణానికి చెందింది కాదు, పాట పొడుగునా ఉంటుంది. ఎంఆర్ఐలోనూ ఒక్కో ట్రాకు బొమ్మలో ఒక గీతకు చెందింది కాదు, బొమ్మ మొత్తానికి చెందింది. కొన్ని ట్రాకులు గుండె ఒకచోట ఉన్నప్పుడూ, కొన్ని అది సెంటీమీటరు కిందికి జారినప్పుడూ తీశారనుకోండి. చెడేది ఒక మూల కాదు, బొమ్మంతా.

చెడటంలోనూ ఒక తమాషా ఉంది. ఊపిరి ఒక లయలో ఆడుతుంది కదా, అందుకని బొమ్మ ఊరికే మసకబారి ఊరుకోదు. కదిలిన వస్తువుకు నకళ్ళు పుట్టి, సమాన దూరాల్లో వరసగా నిలబడతాయి. వాటిని ఘోస్టులు అంటారు రేడియాలజిస్టులు. రొమ్ముగోడ మీది కొవ్వు ఎంఆర్ఐలో బాగా తెల్లగా వెలుగుతుంది. ఊపిరికి అది ముందుకూ వెనక్కూ ఆడుతుంది. దాని నకళ్ళు వచ్చి గుండె మీద వంకర చారలుగా పడతాయి. లేని గోడ ఉన్నట్టు, ఉన్న వాల్వు లేనట్టు!

మరో విచిత్రం. ఒక ట్రాకు తీయడానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే. అంతలో ఎవరి డొక్కా కదలదు. కదిలేది ఒక ట్రాకుకూ ఇంకో ట్రాకుకూ మధ్యలో. అందుకని గుండె పైకీ కిందికీ ఊగినా, ఛాతీ ముందుకూ వెనక్కూ ఊగినా, నకళ్ళు మాత్రం ట్రాకులు పేర్చే దిక్కులోనే పడతాయి. ఆ దిక్కు ఏదో నిర్ణయించేది యంత్రం దగ్గర కూర్చున్న టెక్నీషియన్. తెలివైన టెక్నీషియన్ దిక్కు మార్చేసి, దెయ్యాలన్నిటినీ గుండె మీదినుంచి పక్కకి తోలేస్తాడు. పోగొట్టలేడు, తోలగలడు అంతే.

గుండె కొట్టుకునే కదలికతోనూ ఇదే చిక్కు గానీ, దానికి మందు పాతదే. ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, ప్రతి కొట్టుకూ మొదటి క్షణాన్ని గుర్తుపట్టి, ఒక్కో కొట్టులో కొన్ని ట్రాకుల చొప్పున పది పదిహేను కొట్టుల్లో బొమ్మ పూర్తిచేస్తారు. అందులోనూ ఒక కొంటెతనం ఉంది లెండి. రక్తం విద్యుత్తును మోస్తుంది. అది పెద్ద అయస్కాంతంలో ప్రవహిస్తుంటే తానే కాస్త వోల్టేజీ పుట్టిస్తుంది. అది ఈసీజీ గీతలో లేనిపోని మిట్టలు లేపి యంత్రాన్ని తికమక పెడుతుంది. దాన్ని దాటే ఉపాయాలు ఉన్నాయి, మనం ముందుకు పోదాం.

పెద్దవాళ్ళ దగ్గర ఊపిరి సమస్య తేలిక. హెడ్‌ఫోన్లో ఒక గొంతు పలుకుతుంది: "పీల్చండి... వదలండి... అలాగే ఆపండి." పది పన్నెండు సెకన్లు. "ఇక ఊపిరి తీసుకోండి." ఒక్కసారికి గుండెలో ఒక అడ్డకోత సినిమా వస్తుంది. అలాంటివి పది పన్నెండు కోతలు పైనుంచి కిందిదాకా తీసి, ఒక్కోదాంట్లో రక్తం ఉన్న మేర కొలిచి కూడితే జఠరిక ఘనపరిమాణం. ఊపిరి వదిలాక ఆపమంటారు, ఎందుకంటే పీల్చి ఆపితే ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా పీలుస్తాం, వదిలాక డయాఫ్రం దాదాపు ఒకేచోటికి వచ్చి ఆగుతుంది. అలా ఒకేచోటికి రాకపోతే గుండెలో కొంత భాగం రెండు కోతల్లోనూ లెక్కకొస్తుంది, కొంత అసలు లెక్కకే రాదు. 150, 160 అంటూ ఇందాక చెప్పిన అంకెలు అక్కడే తారుమారు.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. "పిల్లల గుండె రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది కదా, పది కొట్టులు సగం టైములో అయిపోతాయిగా!" అంటాడు మా పెద్ద మనవడు. వీడికి లెక్కలంటే ఇష్టం. కాగితం తియ్యరా, వేద్దాం. బొమ్మకు 128 ట్రాకులు కావాలి. ట్రాకుకు 3 మిల్లీసెకన్లు. పెద్దవాడి గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటే, కదలిక గడ్డకట్టినట్టు కనబడటానికి 36 మిల్లీసెకన్ల కిటికీ చాలు. అందులో 12 ట్రాకులు పడతాయి. 128ని 12తో భాగిస్తే 11 కొట్టులు, అంటే 11 సెకన్లు. పిల్లవాడి గుండె 120 సార్లు కొట్టుకుంటుంది. కదలికా రెట్టింపు వేగం కాబట్టి కిటికీ సగం చెయ్యాలి, 18 మిల్లీసెకన్లు. అందులో పట్టేవి 6 ట్రాకులే. 128ని 6తో భాగిస్తే 21 పైచిలుకు. అంటే 22 కొట్టులు, మళ్ళీ 11 సెకన్లే! గుండె వేగంగా కొట్టుకున్నందుకు లాభం ఒక్క సెకను కూడా లేదు.

లాభం లేకపోగా పెద్ద నష్టం ఉంది. పిల్లల గుండె చిన్నది. బొమ్మలో చుక్క కూడా చిన్నదవాలి. చుక్క అంటున్నాను గానీ అది నిజంగా ఒక బుల్లి దిమ్మ, పొడవు వెడల్పు మందం ఉన్నది. మూడూ సగం చేస్తే అందులోని నీరు ఎనిమిదో వంతవుతుంది, సంకేతమూ ఎనిమిదో వంతే. మళ్ళీ మళ్ళీ తీసి సగటు చేస్తే సంకేతం తేరుకుంటుంది, కానీ ఎనిమిది రెట్లు తేరుకోవాలంటే 64 సార్లు తీయాలి. వర్గమూలం దెబ్బ! అంత ఓపిక డాక్టరుకున్నా బిడ్డకుండదు. ఊపిరీ అంతే. మనం నిమిషానికి పదిహేనుసార్లు పీలిస్తే పొత్తిళ్ళలో బిడ్డ 30 నుంచి 60 సార్లు పీలుస్తుంది. దాని పక్కటెముకలు ఇంకా అడ్డంగా, మెత్తగా ఉంటాయి కాబట్టి పీల్చేదంతా పొట్టతోనే. అంటే డయాఫ్రం మీద కూర్చున్న గుండెకు విరామమే లేదు. అన్నిటికీ మించి, మూడేళ్ళవాడికి "ఊపిరి వదిలి ఆపు నాన్నా" అని చెప్పి చూడండి. బుగ్గలు పూరించి మీ మొహంలోకి చూసి నవ్వుతాడు.

ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు నేర్పితే వస్తుంది. ముందురోజు ఇంట్లో అమ్మ దగ్గర ఆటగా సాధన చేయించడం, యంత్రంలోనే సినిమా చూపించడం, బొమ్మ యంత్రంలో ఒకసారి పడుకోబెట్టి చప్పుళ్ళు వినిపించడం, ఇవన్నీ చేస్తారు. జీఈ కంపెనీలో డగ్ డీట్జ్ అనే డిజైనరు తాను తయారుచేసిన యంత్రాన్ని చూసి ఒక పాప ఏడవడం గమనించి, పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రివాళ్ళతో కలిసి స్కానింగ్ గదినే దొంగల ఓడగా మార్చేశాడు. లోపలికి వెళ్ళడం ఓడెక్కడం, కదలకుండా ఉండటం ఆటలో నియమం. రంగుల ఖర్చు తప్ప అందులో కొత్త ఫిజిక్స్ ఏమీ లేదు. అయినా చాలా పెద్ద పరికరాలకంటే ఎక్కువే సాధించిందని నా అభిప్రాయం.

మరీ పసివాళ్ళకు, కొన్ని నెలల లోపు వాళ్ళకు, మన అమ్మమ్మలకు తెలిసిన వైద్యమే. పొట్టనిండా పాలు పట్టి, చెవులకు శబ్దం తగలకుండా కట్టి, వెచ్చగా పొత్తిళ్ళలో బిగించి చుడితే బిడ్డ నిద్రపోతుంది. నిద్రలో ఒళ్ళు కదలదు, ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంటుంది.

చిక్కంతా మధ్యవాళ్ళతో. పాలు పట్టి పడుకోబెట్టే వయసు దాటింది, మాట వినే వయసు రాలేదు. వాళ్ళకు మత్తు ఇస్తారు. గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెడితే, బొమ్మ తీసే పది సెకన్లు మత్తు డాక్టరు వెంటిలేటర్ ఆపి, మళ్ళీ నడుపుతాడు. బొమ్మలు అద్దంలా వస్తాయి. కానీ పసివాళ్ళు కిలో బరువుకు మనకు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తారు, వాళ్ళ ఊపిరితిత్తుల్లో నిలవ ఉండేది తక్కువ. గుండె జబ్బున్న బిడ్డకైతే ఇంకా తక్కువ. ఒక్కో ఆపుకూ మధ్య తేరుకోనివ్వాలి. 2016 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పదే పదే గానీ మత్తు ఇవ్వడం ఎదిగే మెదడు మీద ప్రభావం చూపవచ్చని హెచ్చరించింది. తల్లిదండ్రులు వెంటనే బెంబేలు పడొద్దు. పసిబిడ్డలకు ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల ఐదేళ్ళ వయసుకు తెలివిలో తేడా ఏమీ కనబడలేదని కొన్ని దేశాలవాళ్ళు కలిసి చేసిన ఒక పెద్ద పరిశోధన 2019లో తేల్చింది. అవసరమైన స్కాన్ అవసరమే. అయినా ఏళ్ళ తరబడి స్కాన్లు తప్పని పిల్లలకు, మత్తు లేకుండా, ఊపిరి ఆపకుండా తీయగలిగితే బాగుంటుందని ఎవరికుండదు?

దానికి మొదటి ఉపాయం మొరటుది. ఊపిరి ఆడనిస్తూనే ప్రతి ట్రాకునూ మూడుసార్లు తీసి సగటు వేస్తారు. టైము మూడు రెట్లు. ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. నెమ్మదిగా ఊపిరి తీసేటప్పుడు మనం వదిలాక కాస్త ఆగుతాం. నిద్రపోయేవాళ్ళని గమనిస్తే తెలుస్తుంది. అంచేత గుండె ఎక్కువసేపు ఆ ఒక్కచోటే ఉంటుంది, సగటు అటే మొగ్గుతుంది. నకళ్ళు వెలిసిపోతాయి, అంచులు కొంచెం మసకబారుతాయి. జఠరిక కొలవడానికి అది చాలు.

రెండోది నాకు చాలా ఇష్టమైంది. 1985లో వచ్చింది. ట్రాకులు ఒకటి, రెండు, మూడు అని వరసలో తీయాలని ఎవరన్నారు? పొట్ట మీద గాలిపట్టీ కట్టి ఊపిరి ఎంతలో ఉందో చూస్తూ, పూర్తిగా వదిలినప్పుడు మొదటి ట్రాకులు, సగం పీల్చినప్పుడు మధ్యవి, నిండా పీల్చినప్పుడు చివరివి తీసుకుంటూ పోయారు. అన్నీ అయ్యాక ట్రాకుల వరసలో చూస్తే, డొక్క ఎగిరి ఎగిరి పడినట్టు ఉండదు, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి మెల్లగా ఉబ్బినట్టు ఉంటుంది. లయ పోయింది, లయతో పుట్టిన నకళ్ళూ పోయాయి. కదలికను ఆపలేదు, దానికి వరస మార్చారు!

పొట్ట మీద పట్టీ చెప్పేది పొట్ట సంగతి, డయాఫ్రం సంగతి కాదు. 1989లో మేయో క్లినిక్‌లో ఎహ్మన్, ఫెల్మ్‌లీ యంత్రాన్నే దిక్సూచిగా వాడారు. లివరు పైఅంచు మీదుగా నిలువుగా ఒక సన్నని గీత మేర మాత్రం క్షణక్షణం తీస్తే, తెల్లటి లివరుకూ నల్లటి ఊపిరితిత్తికీ మధ్య సరిహద్దు పైకీ కిందికీ ఆడటం కనబడుతుంది. అది ఐదు మిల్లీమీటర్ల హద్దులో ఉన్నప్పుడు తీసిన ట్రాకులే ఉంచి, మిగతావి పారేస్తారు. గుండెను పోషించే కరోనరీ ధమనులు చూడటానికి ఇదే దారి. పసివాళ్ళలో వాటి వ్యాసం రెండు మిల్లీమీటర్లే ఉండొచ్చు. సగానికి పైగా ట్రాకులు చెత్తబుట్టలోకి పోతాయి కాబట్టి స్కాను సాగుతుంది. పైగా డయాఫ్రం కదలికను బట్టి గుండె కదలికను లెక్కగట్టడానికి ఇందాక చెప్పిన 60 శాతం అందరిలోనూ ఒకటి కాదు, పసివాళ్ళలో మరీనూ.

అసలు మందు వేగం. ఊపిరి ఆడేలోపే బొమ్మ పడిపోతే గొడవే లేదు. 1999లో ప్రూస్‌మన్ బృందం జూరిక్‌లో, ఛాతీ చుట్టూ అనేక చిన్న యాంటెనాలు పెట్టి, ఒక్కోటీ వేరే చోటునుంచి వింటుంది కాబట్టి కొన్ని ట్రాకులు మానేసినా లెక్కతో పూరించవచ్చని చూపింది. 2007లో మైకేల్ లస్టిగ్ ఇంకో మెట్టెక్కాడు. ఏ వైద్య చిత్రంలోనైనా నిజంగా ఉన్న సమాచారం తక్కువ. మీరు వాట్సాప్‌లో పంపే ఫొటో ఎంతో కుదించుకుపోయినా మొహం గుర్తుపడతాం కదా. అంత కుదించడానికి వీలున్నప్పుడు మొదటే తక్కువ కొలిస్తే సరిపోదా అన్నాడు. ట్రాకులను క్రమం లేకుండా అక్కడొకటి అక్కడొకటి తీసి, కొరతను గణితంతో తీర్చాడు. దీన్ని స్టాన్‌ఫర్డ్‌లో శ్రేయస్ వాసనవాలా అనే పిల్లల రేడియాలజిస్టు చంటిపిల్లల మీద ముందుగా అక్కరకు తెచ్చాడు. ఎక్కువ అవసరం ఎవరికో ఆయనకు తెలుసు మరి.

ఇప్పుడు నేర్చుకునే యంత్రాల కాలం. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి, యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు, కొద్ది ట్రాకులతో చారలు పడ్డ గుండె సినిమాను శుభ్రం చేయడం ఒక న్యూరల్ నెట్‌వర్కుకు నేర్పి 2019లో ప్రకటించారు. ఈసీజీ కోసం ఆగక్కర్లేదు, ఊపిరి ఆపక్కర్లేదు. "మరి అది లేనిది కల్పిస్తే తాతయ్యా?" మంచి ప్రశ్న. దీనికి గుండె దగ్గరే ఒక ఆడిటరున్నాడు. ఎడమ జఠరిక నిండినప్పటి కొలతలోంచి ముడుచుకున్నప్పటి కొలత తీసేస్తే, ఒక్క కొట్టుకు తోసిన రక్తమెంతో వస్తుంది. బృహద్ధమనిలో పారిన రక్తాన్ని వేరే పద్ధతిలో ఎంఆర్ఐతోనే కొలవొచ్చు. వాల్వులు కారడం, చిల్లులు లేకపోతే రెండూ ఒకటే కావాలి. కాలేదంటే బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మరు.

ఇంతదాకా ఊపిరిని పోకిరిపిల్లవాడిగా చూపించాను. అది అన్యాయం. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, ఒంట్లోని చెడు రక్తం కుడివైపు గుండెలోకి ఎక్కువగా పారుతుంది. మీలాంటి పిల్లల్లో నాడి కూడా పీల్చినప్పుడు వేగమెక్కి, వదిలినప్పుడు తగ్గుతుంది. మణికట్టు పట్టుకుని చూసుకోండి. ఊపిరి ఆపించి తీసిన గుండె బొమ్మ, నిజానికి ఎప్పుడూ అలా ఉండని గుండె బొమ్మ.

కొన్ని జబ్బులైతే ఊపిరి ఆపితే దాక్కుంటాయి. మన దేశంలో క్షయ ఇంకా ఉంది. అది గుండె సంచీకి సోకితే సంచీ కొన్నాళ్ళకు గట్టిపడి గుండెను బిగించేస్తుంది. పిల్లలకూ వస్తుంది. సంచీ సాగదు కాబట్టి ఊపిరి పీల్చినప్పుడు కుడి జఠరికలోకి వచ్చిన అదనపు రక్తానికి చోటు లేదు. మధ్యగోడ ఎడమవైపుకు ఒరుగుతుంది. వదిలినప్పుడు మళ్ళీ లేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి డాక్టర్లు ఊపిరి బిగబట్టమనరు. బలంగా పీల్చి వదలమని, ఆ క్షణాల్లోనే వేగంగా గుండె సినిమా తీస్తారు. గోడ ఒరుగుతుంటే ఆ సంచీని కోసి తీసేసే ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు.

ఇంకొందరు పిల్లలున్నారు, ఒక్క జఠరికే సరిగా ఎదిగి పుట్టినవాళ్ళు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రాన్సిస్ ఫాంటాన్ అనే సర్జన్ 1971లో ప్రకటించిన ఆపరేషన్ వాళ్ళకు ఆధారం. ఇవాళ చేసే పద్ధతిలో, ఒంట్లోంచి వచ్చే పెద్ద సిరలను గుండెకు కాకుండా నేరుగా ఊపిరితిత్తుల ధమనులకే కలిపేస్తారు. ఉన్న ఒక్క జఠరిక ఒంటికి రక్తం తోస్తుంది. ఊపిరితిత్తులకు తోసే పంపు లేదు. సిరల్లో ఉన్న కాస్త ఒత్తిడీ, దానికి తోడు ఊపిరి పీల్పూ, ఇవే ఆధారం. పీల్చినప్పుడల్లా ఛాతీ రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఇది తిరగబడుతుంది, గాలిని లోపలికి తోస్తారు కాబట్టి ఛాతీలో ఒత్తిడి పెరిగి ప్రవాహం తగ్గుతుంది. అలాంటి బిడ్డకు మత్తిచ్చి, ఊపిరి ఆపి కొలిచిన అంకె ఆ బిడ్డ ఆడుకుంటున్నప్పటి అంకె ఎలా అవుతుంది?

2016లో న్యూయార్క్‌లో లీ ఫెంగ్ బృందం ఒక పద్ధతి చూపింది. ట్రాకులను వరసగా పేర్చకుండా, అన్నీ నడిమి బిందువు గుండా పోయేట్టు, ఒక్కోటీ ముందుదానికి 111.25 డిగ్రీలు తిప్పి తీస్తారు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఆ నడిమి బిందువు దగ్గర సంకేతం ఊపిరితోపాటు హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి, ఏ ట్రాకు ఏ ఊపిరిలో తీసిందో యంత్రానికే తెలుస్తుంది. ఒక్క ట్రాకూ పారేయరు. గుండె కొట్టుకునే దశను బట్టి ఒక వరసలో, ఊపిరి దశను బట్టి ఇంకో వరసలో సర్దుతారు. రక్తప్రవాహం కొలిచే స్కానులోనూ ట్రాకులను ఇలాగే సర్దితే, ఫాంటాన్ బిడ్డ పీల్చినప్పుడు ఊపిరితిత్తులకు ఎంత పారింది, వదిలినప్పుడు ఎంత పారింది అన్నవి రెండు వేరు వేరు అంకెలుగా బయటికొస్తాయి, బిడ్డ మామూలుగా ఊపిరి తీసుకుంటూ పడుకుని ఉండగానే.